యంత్రానికి భాష నేర్పిన గ్రేస్ హోపర్

బ్యాంకులో డబ్బు లెక్క, రైలు టిక్కెట్టు, తుపాను హెచ్చరిక - ఇవన్నీ నేడు కంప్యూటరు సాయంతోనే మనకు అందుతున్నాయి. ఇంత పని చేసే ఆ యంత్రానికి నిజానికి మన భాష ఏదీ తెలియదు. దానికి తెలిసినవి విద్యుత్తు ఉండటం, లేకపోవటం అనే రెండు స్థితులు మాత్రమే. వాటిని 1, 0 అనే అంకెలతో గుర్తిస్తారు. మనిషి తన లెక్కను తనకు తెలిసిన రీతిలో రాస్తే, దానిని యంత్రానికి తెలిసే అంకెలుగా మార్చి చెప్పే దుబాసి ఒకరు నడుమ ఉండాలి. తొలి రోజుల్లో ఆ దుబాసి పనిని మనుషులే చేసేవారు. దానిని యంత్రమే చేసుకోగలదని భావించి, చేసి చూపి, తన సాధనాన్ని నలుగురికీ పంచిన గణితవేత్త గ్రేస్ హోపర్.

గ్రేస్ 1906వ సంవత్సరం డిసెంబరు 9న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించింది. తండ్రి వాల్టర్ మర్రే బీమా వ్యాపారం చేసేవాడు. తల్లి మేరీకి గణితమంటే ఎంతో ఇష్టం. ముగ్గురు పిల్లలలో గ్రేస్ పెద్దది. ఏడేళ్ల వయసులో ఆమెకు అలారం గడియారం మోగటం వింతగా తోచింది. లోపల ఏముందో చూడాలని ఒక గడియారాన్ని విప్పింది. మరలు, చక్రాలు ఊడివచ్చాయి గాని, వాటిని తిరిగి అమర్చటం చేతకాలేదు. రెండోదానిని విప్పితే తెలుస్తుందనుకుంది. అలా ఇంట్లోని ఏడు గడియారాలూ విడిపోయాయి. సంగతి తెలిసిన తల్లి, ఇకమీదట ఒక్క గడియారం మీదనే ప్రయోగాలు చేసుకోమని కట్టడి చేసింది. తెలుసుకోవాలన్న ఆ తపన మాత్రం గ్రేస్‌ను జీవితాంతం విడిచిపెట్టలేదు.

పదహారేళ్ల వయసులో ఆమె వాసర్ కళాశాలలో చేరబోయింది. లాటిన్ పరీక్షలో మార్కులు చాలక ప్రవేశం దొరకలేదు. ఆమె నిరుత్సాహపడక మరుసటి ఏడాది చేరింది. 1928లో గణితం, భౌతికశాస్త్రాలలో పట్టా పుచ్చుకుంది. యేల్ విశ్వవిద్యాలయం నుంచి 1930లో ఎం.ఎ., 1934లో గణితశాస్త్రంలో డాక్టరేటు పొందింది. ఆ రోజుల్లో గణితంలో డాక్టరేటు పొందిన స్త్రీలు బహు కొద్దిమంది. 1930లో విన్సెంట్ హోపర్‌తో వివాహం జరగటంతో ఆమె గ్రేస్ హోపర్ అయింది. తాను చదివిన వాసర్ కళాశాలలోనే అధ్యాపకురాలిగా పనిచేసింది.

1941 డిసెంబరులో అమెరికా రెండవ ప్రపంచ యుద్ధంలో దిగింది. గ్రేస్ ముత్తాత నౌకాదళంలో ఉన్నతాధికారిగా పనిచేసినవాడు. తాను కూడా నౌకాదళంలో చేరాలని ఆమె కోరుకుంది. వయసు ఎక్కువని, బరువు తక్కువని అధికారులు మొదట కాదన్నారు. ఆమె పట్టు విడవలేదు. ప్రత్యేక అనుమతి సంపాదించి 1943 డిసెంబరులో చేరింది. శిక్షణలో అందరికంటే ముందు నిలిచింది. 1944 జూలైలో ఆమెను హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి పంపారు. అక్కడ హోవర్డ్ ఐకెన్ నాయకత్వంలో మార్క్-1 అనే కంప్యూటరు నౌకాదళం లెక్కలు చేస్తూ ఉండేది.

ఆ యంత్రం పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు, బరువు దాదాపు 5 టన్నులు. అది 23 అంకెల సంఖ్యలతో లెక్కలు కట్టేది. సెకనుకు మూడు కూడికలు చేసేది. ఒక్క గుణకారానికి దాదాపు ఆరు సెకన్లు పట్టేది. ఏ లెక్క ఎలా చేయాలో కాగితపు పట్టీ మీద రంధ్రాలు చేసి దానికి చెప్పాలి. ఒక్క రంధ్రం తప్పుచోట పడితే జవాబంతా తప్పే. ఇలా యంత్రానికి ఇచ్చే ఆదేశాల వరుసను ప్రోగ్రాము అంటారు. ఆ విద్య నేర్పే గురువులుగాని, పుస్తకాలుగాని అప్పటికి లేవు. గ్రేస్ పని చేస్తూనే నేర్చుకుంది. ఆ యంత్రాన్ని వాడే పద్ధతిని వివరిస్తూ ఐదువందల పేజీలకు మించిన గ్రంథం 1946లో వెలువడింది. దాని రచనలో ముఖ్యభాగం గ్రేస్‌దే. ఆ తరువాత వచ్చిన మార్క్-2 యంత్రం 1947లో ఒకనాడు సరిగా పనిచేయలేదు. విప్పి చూస్తే లోపల ఒక చిమ్మట చిక్కుకొని ఉంది. గ్రేస్ బృందం వారు దానిని తీసి దినచర్య పుస్తకంలో అతికించారు. ఆ పుటను నేటికీ వాషింగ్టన్‌లోని జాతీయ మ్యూజియంలో భద్రపరచి ఉంచారు.

1949లో గ్రేస్ ఫిలడెల్ఫియాలోని ఒక కంప్యూటరు సంస్థలో చేరింది. యూనివాక్ అనే కొత్త యంత్రం అక్కడ తయారవుతూ ఉండేది. అది మార్క్-1 కంటే ఎన్నో రెట్లు వేగంగా లెక్కించగలదు. అయితే దాని కోసం ప్రోగ్రాము రాయటం మాత్రం మనుషుల చేతుల్లో నత్తనడక నడిచేది. వర్గమూలం, సైను, కొసైను వంటి లెక్కలు పదేపదే వస్తాయి గనుక, ఒకసారి రాసిన ఆదేశాలను నోటు పుస్తకాల్లో దాచుకొనేవారు. అవసరమైనప్పుడు వాటిని చూచి చేత్తో ఎత్తి రాసేవారు. కొత్త ప్రోగ్రాములో వాటి చోటు మారుతుంది గనుక లోపలి అంకెలన్నిటినీ కూడి సవరించేవారు. ఎత్తిరాతలో ఒక అక్షరం మారేది, కూడికలో ఒక అంకె తప్పేది. ఆ తప్పు దొరకటానికి రోజులు గడిచేవి. ఎత్తి రాయటంలోను, కూడటంలోను యంత్రం తప్పు చేయదు కదా, ఈ పని దానికే ఎందుకు అప్పగించకూడదని గ్రేస్ ఆలోచించింది.

ఆ ఆలోచన ఫలితంగా 1952లో ఎ-జీరో అనే సాధనం తయారైంది. పదేపదే వచ్చే లెక్కలన్నిటినీ అయస్కాంతపు పట్టీ మీద ఉంచి, ఒక్కొక్కదానికి ఒక గుర్తు ఇచ్చారు. లెక్క చేయవలసిన వ్యక్తి ఆ గుర్తులను వరుసగా రాస్తే చాలు. కంప్యూటరే వాటిని వెదికి, అంకెలు సవరించి, ఒకచోట కూర్చి ప్రోగ్రామును తయారు చేస్తుంది. ఇలా కూర్చే సాధనానికి ఆమె కంపైలర్ అని పేరు పెట్టింది. నేటి కంపైలర్లతో పోలిస్తే అది చిన్నదే అయినా, తరువాతి వాటికి దారి చూపింది.

దానిని తయారు చేసేటప్పుడు ఒక చిక్కు ఎదురైంది. కంప్యూటరు మొదటి నుంచి చివరి వరకు ఒక్కసారే చదువుతూ ప్రోగ్రామును కూర్చాలి. ముగిసిపోయిన భాగానికి మళ్లీ వెళ్లమని చెప్పటం సులభం. దాని చోటు అప్పటికే తెలుసు. ఇంకా రాని భాగానికి వెళ్లమని చెప్పటం ఎలా? గ్రేస్‌కు కళాశాలలో ఆడిన బాస్కెట్‌బాల్ ఆట గుర్తుకు వచ్చింది. అప్పటి స్త్రీల ఆటలో బంతిని ఒక్కసారి మాత్రమే నేలకు కొట్టవచ్చు. తరువాత దానిని తోటి క్రీడాకారిణికి అందించి, తాను ముందుకు పరుగెత్తి, తిరిగి అందుకోవాలి. ఆమె అదే ఉపాయాన్ని యంత్రానికి నేర్పింది. చోటు తెలియని ఆదేశం వచ్చినప్పుడు దానిని మెమరీ చివరనున్న ఒక మూలకు పంపేలా చేసింది. అసలు భాగం వచ్చి దాని చోటు తేలగానే, ఆ మూల నుంచి అక్కడికి దారి కలిసేది. ఆటలో నేర్చిన నేర్పు అలా శాస్త్రానికి ఉపకరించింది.

ఇంత చేసినా పెద్దలు నమ్మలేదు. కంప్యూటరు కూడికలు, గుణకారాలు చేస్తుందే తప్ప ప్రోగ్రాములు రాయలేదని కొట్టిపారేశారు. యంత్రం రాసిన ప్రోగ్రాము మనిషి రాసినంత వేగంగా నడవదని కొందరు వాదించారు. ఆ కాలంలో యంత్రపు సమయం చాలా ఖరీదైనది గనుక ఆ వాదంలో కొంత నిజం లేకపోలేదు. అయితే యంత్రం నడిచే నిమిషాలనే కాక, మనుషులు రాయటానికి, తప్పులు దిద్దటానికి పట్టే రోజులను కూడా లెక్కలో చేర్చాలని గ్రేస్ అంకెలతో వివరించింది. సభల్లో వ్యాసాలు చదివింది. సందేహించిన వారి ముందు కంప్యూటరును నడిపి చూపింది.

1953లో ఎ-2 అనే మెరుగైన కంపైలరు సిద్ధమైంది. యూనివాక్ కొన్నవారికి దానిని మూలపాఠంతో సహా అందజేశారు. అంటే లోపల ఏముందో ఎవరైనా విప్పి చూడవచ్చు. లోపాలు కనిపిస్తే సరిదిద్దవచ్చు. అలా చేసిన మార్పులను తమకు పంపమని కూడా వారు కోరారు. ఒకరి శ్రమకు పదిమంది శ్రమ తోడైతే సాధనం త్వరగా బాగుపడుతుందని ఆనాడే గుర్తించారు. నేడు ఈ పద్ధతిని ఓపెన్ సోర్స్ అంటున్నారు. దీనికి తొలి ఉదాహరణలలో ఒకటిగా ఎ-2ను చెప్పుకుంటారు. సంఖ్యాగణన కోసం నేడు శాస్త్రజ్ఞులు వాడే ఆక్టేవ్, జూలియా వంటి భాషలు ఈ పద్ధతిలోనే పెరిగాయి.

1957లో గ్రేస్ విభాగం నుంచి మాథ్-మాటిక్ అనే గణిత భాష వెలువడింది. అందులో సమీకరణాలను ఇంచుమించు పుస్తకంలో రాసినట్లే రాయవచ్చు. అదే సంవత్సరం ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బాకస్ బృందం ఫోర్ట్రాన్ భాషను విడుదల చేసింది. చేత్తో రాసిన ప్రోగ్రాములకు దీటుగా నడిచే ప్రోగ్రాములను దాని కంపైలరు తయారు చేసింది. వేగం తగ్గుతుందన్న వాదానికి దానితో సమాధానం దొరికింది. గ్రేస్ తెరిచిన దారిలో ఇతరులు ఇంకా ముందుకు సాగారు.

లెక్కలు తెలిసినవారికే కాక, వ్యాపారులకు, గుమస్తాలకు కూడా కంప్యూటరు అందాలని గ్రేస్ కోరిక. అందుకోసం మామూలు ఇంగ్లీషు మాటలతో ఆదేశాలిచ్చే పద్ధతిని రూపొందించింది. దానిని యాజమాన్యానికి చూపేటప్పుడు ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచి, జర్మన్ మాటలతో కూడా అదే ప్రోగ్రామును నడిపి చూపింది. అమెరికా యంత్రానికి పరభాషలు ఎలా తెలుస్తాయని వారు కంగారుపడ్డారు. చివరకు ఇంగ్లీషుతోనే సరిపెట్టవలసి వచ్చింది. యంత్రానికి ఏ భాషా పరాయిది కాదని, తేడా మనుషుల మనసుల్లోనే ఉందని ఆ సంఘటన తెలియజేస్తుంది. ఆ కృషి నుంచి ఫ్లో-మాటిక్ భాష పుట్టింది. దాని ఆధారంగా 1959లో మొదలైన కోబాల్ భాష లోకమంతటా వ్యాపించింది.

గ్రేస్ 1966 చివర నౌకాదళం నుంచి విరమించింది. ఆమె లేని లోటు తెలిసి, 1967లో ఆరు నెలల కోసమని తిరిగి పిలిచారు. ఆ ఆరు నెలలు పందొమ్మిదేళ్లు సాగాయి. ఉపన్యాసాలకు వెళ్లినప్పుడు ఆమె దాదాపు 30 సెంటీమీటర్ల తీగ ముక్కలను అందరికీ పంచేది. సెకనులో వందకోట్లవ వంతు కాలంలో కాంతి ప్రయాణించే దూరం అదేనని చెప్పి, కాలం విలువను కంటికి కనిపించేలా వివరించేది. 1986లో రియర్ అడ్మిరల్ హోదాలో, 79 ఏళ్ల వయసులో పదవీ విరమణ చేసింది. 1992 జనవరి 1న మరణించింది. అమెరికా నౌకాదళం ఒక యుద్ధనౌకకు ఆమె పేరు పెట్టింది. 2016లో ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారాన్ని ఆమెకు మరణానంతరం ప్రకటించారు.

చిన్ననాడు ఏడు గడియారాలు విప్పిన బాలిక, పెద్దయ్యాక తాను చేసిన సాధనాన్ని ఇతరులు విప్పి చూడటానికి వీలుగా వారి చేతికిచ్చింది. విద్య దాచుకుంటే తరుగుతుంది, పంచుకుంటే పెరుగుతుంది అన్న సత్యానికి గ్రేస్ హోపర్ జీవితం చక్కని నిదర్శనం.