కాశీనాథుని నాగేశ్వరరావు

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు (1867 మే 1 – 1938 ఏప్రిల్ 11) ఆంధ్రదేశపు ప్రముఖ వ్యాపారవేత్త, పత్రికాధిపతి, స్వాతంత్ర్య సమరయోధుడు, గ్రంథాలయోద్యమ పోషకుడు, దాత. తలనొప్పికి వాడే అమృతాంజనం ఆయన స్థాపించిన సంస్థ ఉత్పత్తి. ఆ వ్యాపారంలో వచ్చిన లాభాలతో ఆయన ఆంధ్రపత్రికను, భారతి మాసపత్రికను, ఆంధ్ర గ్రంథమాలను నడిపారు. ప్రతి ఉగాదికీ ఆంధ్రపత్రిక వెలువరించిన ప్రత్యేక సంచికలు తెలుగువారి పండుగలో ఒక భాగమయ్యాయి. దేశోద్ధారక, విశ్వదాత అనే బిరుదులతో ప్రజలు ఆయనను గౌరవించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో కళాప్రపూర్ణ బిరుదును ప్రదానం చేసింది. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికకు ఆ పేరు మద్రాసులోని ఆయన ఇంటి పేరు మీదుగానే వచ్చింది.

బాల్యం, విద్య

నాగేశ్వరరావు కృష్ణా జిల్లా పామర్రు సమీపంలోని ఎలకుర్రు గ్రామంలో 1867 మే 1న, ప్రభవ నామ సంవత్సరంలో జన్మించారు. తల్లిదండ్రులు శ్యామలాంబ, బుచ్చయ్య. ప్రాథమిక విద్య స్వగ్రామంలోను, తరువాతి చదువు మచిలీపట్నంలోను సాగింది. అనంతరం మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి 1891లో పట్టభద్రులయ్యారు. విద్యార్థి దశలోనే కందుకూరి వీరేశలింగం పంతులు నడిపిన వివేకవర్ధని పత్రిక ఆయనపై ప్రభావం చూపింది. ఒక పత్రిక సమాజాన్ని కదిలించగలదన్న నమ్మకం ఆయనకు అక్కడే కలిగిందని చెప్పవచ్చు.

ఆ రోజుల్లో పట్టభద్రుడైన యువకునికి సర్కారు కొలువు సులభంగా దొరికేది. నాగేశ్వరరావు ఆ దారిన వెళ్ళలేదు. మద్రాసులోను, కలకత్తాలోను కొంతకాలం పనిచేసి వ్యాపారపు మెలకువలు, ఔషధాల తయారీలోని విశేషాలు తెలుసుకున్నారు. తరువాత బొంబాయి చేరి ఒక ఐరోపా వ్యాపారి సంస్థలో ఉద్యోగం చేశారు.

అమృతాంజనం

1893లో నాగేశ్వరరావు బొంబాయిలో అమృతాంజనం తయారీని ప్రారంభించారు. పుదీనా పువ్వు, కర్పూరం, నీలగిరి తైలం వంటి ద్రవ్యాలతో చేసిన ఈ పసుపుపచ్చని లేపనం తలనొప్పికి, జలుబుకు, ఒళ్ళునొప్పులకు పనికివచ్చేది. కొత్త మందును జనం నమ్మి కొనడం అంత తేలిక కాదు. అందుకని ఆయన సంగీత కచేరీల వంటి సభల్లో అమృతాంజనాన్ని ఉచితంగా పంచిపెట్టేవారు. సభకు వచ్చినవారు దానిని ఇంటికి తీసుకువెళ్ళి వాడి చూశారు. గుణం కనిపించాక దుకాణాల్లో అడిగి కొనసాగారు. ఉచితంగా ఇచ్చిన చిన్న సీసాయే వ్యాపారానికి పెద్ద ప్రకటన అయింది. కొద్ది సంవత్సరాలలోనే ఈ మందు దేశమంతటా ఇంటింటి వస్తువైంది.

వ్యాపార కేంద్రం తరువాతి కాలంలో మద్రాసుకు మారింది. 1936లో అమృతాంజనం పరిమిత బాధ్యత కలిగిన పబ్లిక్ కంపెనీగా మారింది. వ్యాపారంలో లాభం సంపాదించడం ఒక ఎత్తు, ఆ లాభాన్ని ఏం చేయాలన్నది మరొక ఎత్తు. నాగేశ్వరరావు జీవితంలో ఈ రెండవ అంశమే ముఖ్యమైనది.

ఆంధ్రపత్రిక

బొంబాయిలో తెలుగువారు చాలామంది ఉన్నా వారికి సొంత పత్రిక లేదు. 1907లో సూరత్‌లో జరిగిన కాంగ్రెసు మహాసభ తరువాత దేశ రాజకీయాలు వేడెక్కాయి. ఆ విశేషాలను తెలుగులో చెప్పాలన్న సంకల్పంతో నాగేశ్వరరావు 1908లో బొంబాయి నుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. మరాఠీ, గుజరాతీ పత్రికల నడుమ ఒక తెలుగు పత్రిక వెలువడడం ఆనాడు విశేషమే.

1914 ఏప్రిల్ 1న మద్రాసు నుండి ఆంధ్రపత్రిక దినపత్రికగా వెలువడసాగింది. కొద్ది నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. యుద్ధవార్తల కోసం పాఠకులు ఆత్రంగా ఎదురుచూసేవారు. పల్లెల్లో ఒక్కరు చదువుతుంటే పదిమంది చుట్టూ కూర్చుని వినే అలవాటు పెరగడానికి ఇటువంటి పత్రికలే కారణం. పత్రిక నడపడం ఖర్చుతో కూడిన పని. ఆ భారాన్ని మోయడానికి అమృతాంజనం ఆదాయం ఆదుకుంది.

ఉగాది సంచికలు

1910లో, సాధారణ నామ సంవత్సరాదికి, ఆంధ్రపత్రిక ఉగాది ప్రత్యేక సంచికను వెలువరించింది. అప్పటి నుండి ఉగాది సంచిక పత్రికకు ఒక సంప్రదాయంగా మారింది. చరిత్ర, సాహిత్యం, విజ్ఞానశాస్త్రం, కళలు, రాజకీయాలు మొదలైన విషయాలపై పేరున్న పండితులు వాటిలో వ్యాసాలు రాసేవారు. చక్కని చిత్రాలు కూడా ఉండేవి. ఈ సంచికలు ఒక పూట చదివి పక్కన పెట్టేవి కావు. చాలా ఇళ్ళలో వాటిని బైండు చేయించి దాచుకునేవారు. ఆ కాలపు తెలుగు సాహిత్యంపై, చరిత్రపై పరిశోధన చేసేవారికి అవి నేటికీ ఆకరాలుగా ఉపయోగపడుతున్నాయి.

ఉగాది నాడు పచ్చడి తినడం, పంచాంగం వినడం తెలుగువారికి అనాదిగా వస్తున్న ఆచారం. ఈ రెండింటికి చదువును జోడించినది ఆంధ్రపత్రిక. ఒక వ్యాపారి తన సొమ్మును పండుగ వేడుకకు వెచ్చించడం కొత్త కాదు. తిరునాళ్ళకు పందిళ్ళు వేయించినవారు, చలివేంద్రాలు పెట్టించినవారు, అన్నదానాలు చేసినవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. పండుగ ముగిశాక కూడా ఇంట్లో నిలిచి ఉండే వస్తువును సమకూర్చడం నాగేశ్వరరావు ప్రత్యేకత.

భారతి, ఆంధ్ర గ్రంథమాల

1924 జనవరిలో నాగేశ్వరరావు భారతి అనే సాహిత్య మాసపత్రికను స్థాపించారు. అది రుధిరోద్గారి నామ సంవత్సరం. భారతిలో రచన అచ్చయితే చాలు, కవిగానో పండితునిగానో గుర్తింపు వచ్చినట్లేనని తెలుగు రచయితలు భావించేవారు. ప్రాచీన కావ్యాల విమర్శకు, శాసన పరిశోధనకు, కొత్త కవిత్వానికి, కథకు ఆ పత్రికలో సమానంగా చోటు దక్కింది.

1926లో ఆంధ్ర గ్రంథమాలను ప్రారంభించారు. పాల్కురికి సోమనాథుని బసవపురాణం వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరణలో ఈ గ్రంథమాల ద్వారానే వెలుగు చూసింది. సోమనాథుని మరొక కృతి పండితారాధ్య చరిత్రను అనంతపురం కళాశాలలో ఆచార్యుడైన చిలుకూరి నారాయణరావు పరిష్కరించారు. తాళపత్రాలలో ఉండిపోయిన గ్రంథాలు సామాన్య పాఠకునికి అందుబాటులోకి రావడం వెనుక ఈ విధమైన వ్యాపారి పోషణ ఉంది.

కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అనే మహాకార్యాన్ని తలపెట్టి, అది పూర్తికాకముందే 1923లో మరణించారు. ఆగిపోయిన ఆ పనిని 1930లలో నాగేశ్వరరావు తిరిగి చేపట్టి కొత్త సంపుటాల ప్రచురణకు పూనుకున్నారు. ఆంధ్ర వాఙ్మయ సూచిక ఆయన సొంత కృషి. గ్రంథాలయోద్యమానికి ఆయన అండగా నిలిచారు. పత్రికలు, పుస్తకాలు ఇచ్చి గ్రంథాలయాలను పోషించారు. సహాయం కోరి వచ్చిన విద్యార్థులను, రచయితలను, సంస్థలను ఆదుకోవడం వల్లనే విశ్వదాత అన్న పేరు నిలిచింది.

స్వాతంత్ర్యోద్యమం

నాగేశ్వరరావు జాతీయోద్యమంలో ధనంతోపాటు తానుకూడా పాలుపంచుకున్నారు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో అరవై ఏళ్ళు పైబడిన వయస్సులో జైలుకు వెళ్ళారు. కారాగారంలో ఉన్నప్పుడు భగవద్గీతకు వ్యాఖ్యానం రాశారు. ప్రభుత్వ ఆగ్రహం పత్రికకు నష్టం తెస్తుందని, వ్యాపారానికి ఇబ్బంది కలిగిస్తుందని తెలిసికూడా ఆయన వెనుకాడలేదు.

ఆంధ్రోద్యమానికి కూడా ఆయన పత్రిక తొలినుండి వాణిగా నిలిచింది. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడాలని ఆ ఉద్యమం కోరింది.

శ్రీబాగ్ ఒడంబడిక

ప్రత్యేకాంధ్ర రాష్ట్ర కోరికపై తెలుగు జిల్లాలన్నీ ఒకే మాట మీద లేవు. అనంతపురం, కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాల ప్రాంతాన్ని అప్పటివరకు దత్తమండలం అనేవారు. 1928లో నంద్యాలలో జరిగిన సభలలో చిలుకూరి నారాయణరావు సూచన మేరకు ఆ ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు వచ్చింది. కృష్ణా, గోదావరి ఆనకట్టల వల్ల కోస్తా జిల్లాలు పంటలతో, చదువులతో ముందుకు సాగాయి. రాయలసీమ తరచు కరవు పాలయ్యేది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి కేంద్రం చివరకు వాల్తేరు కావడంతో రాయలసీమవారి అసంతృప్తి మరింత పెరిగింది. కొత్త రాష్ట్రంలో తమకు న్యాయం జరుగుతుందా అన్నది వారి సందేహం.

ఈ సందేహం తీర్చనిదే రాష్ట్రం రాదని ఇరుప్రాంతాల నాయకులు గ్రహించారు. 1937 నవంబరు 16న మద్రాసు మైలాపూరులోని నాగేశ్వరరావు నివాసం శ్రీబాగ్‌లో సమావేశమై ఒక ఒప్పందానికి వచ్చారు. కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు రాయలసీమ పక్షాన, భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య తదితరులు కోస్తా పక్షాన ఇందులో పాల్గొన్నారు. వీరిలో కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు అనంతపురం జిల్లావారు. ఒడంబడికలోని ముఖ్యాంశాలు ఇవి:

* విశ్వవిద్యాలయానికి వాల్తేరు, అనంతపురం రెండు కేంద్రాలుగా ఉండాలి.
* తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటి వినియోగంలో పదేళ్ళపాటు, అవసరమైతే అంతకు మించి, రాయలసీమకు, నెల్లూరు జిల్లాకు ప్రాధాన్యం ఇవ్వాలి.
* శాసనసభ సాధారణ స్థానాలను జిల్లాలవారీగా సమానంగా కేటాయించాలి.
* రాజధాని, హైకోర్టు వేర్వేరు ప్రాంతాల్లో ఉండాలి. రెండింటిలో ఏది కావాలో కోరుకునే అవకాశం రాయలసీమకు ఇవ్వాలి.

జీవితమంతా దానాలు చేసిన వ్యక్తి ఇంట్లో, ఆయన చివరి రోజుల్లో కుదిరిన ఈ పత్రానికి ఒక విశేషముంది. దానం దాత మనస్సుపై ఆధారపడుతుంది. ఒడంబడిక హక్కును ఇస్తుంది. రాయలసీమ నాయకులు ఆనాడు కోరినది సహాయం కాదు, వాటా. కరవు సంవత్సరంలో గంజికేంద్రాలు ప్రాణాలు నిలుపుతాయి గాని పొలానికి నీరు పారించలేవు. ఈ తేడాను గుర్తించి ఆ మాటను కాగితం మీద పెట్టడానికి నాగేశ్వరరావు పెద్దరికం తోడ్పడింది.

మరణం

ఒడంబడిక జరిగిన కొద్ది నెలలకు, 1938 మార్చిలో, భాషా ప్రాతిపదికపై రాష్ట్రాలను ఏర్పరచాలని మద్రాసు శాసనసభ తీర్మానించింది. బ్రిటిషు ప్రభుత్వం దానిని అంగీకరించలేదు. నాగేశ్వరరావు 1938 ఏప్రిల్ 11న మరణించారు. ఆయన తరువాత అల్లుడు శివలెంక శంభుప్రసాద్ ఆంధ్రపత్రికను, భారతిని, అమృతాంజనం సంస్థను నిర్వహించారు. ఆంధ్రపత్రిక, భారతి 1991లో ఆగిపోయాయి. అమృతాంజనం సంస్థ చెన్నై కేంద్రంగా కొనసాగుతోంది.

ఒడంబడిక తరువాతి చరిత్ర

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాయలసీమ రాజధానిని కోరుకుంది. కర్నూలు రాజధాని అయింది. హైకోర్టు 1954లో గుంటూరులో ఏర్పాటయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణతో రెండూ హైదరాబాదుకు మారాయి. విశ్వవిద్యాలయం విషయంలో అనంతపురం చాలాకాలం వేచి ఉండవలసి వచ్చింది. 1968లో స్నాతకోత్తర కేంద్రంగా మొదలైన సంస్థ 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. అంటే ఒడంబడిక జరిగిన 44 సంవత్సరాలకు.

నీటి విషయంలో తుంగభద్ర ఎగువ కాలువ అనంతపురం జిల్లాకు కొంత మేలు చేసింది. అయినా పుట్టపర్తి, కదిరి, ధర్మవరం ప్రాంతాల్లో సేద్యం చాలావరకు వానపైన, చెరువులపైన, బోరుబావులపైన ఆధారపడి ఉంది. పుట్టపర్తి పక్కనే పారే చిత్రావతి పెన్నకు ఉపనది. ఏడాదిలో ఎక్కువకాలం అందులో ఇసుకే కనిపిస్తుంది. 1990లలో పుట్టపర్తిలోని శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు ఉమ్మడి అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు తాగునీటి పథకాన్ని నిర్మించింది. తాగునీరు దాతృత్వం వల్ల వచ్చింది. సాగునీటి కోసం మాత్రం నేటికీ రాయలసీమవారు శ్రీబాగ్ ఒడంబడికనే గుర్తు చేస్తున్నారు. 2014లో రాష్ట్ర విభజన తరువాత రాజధాని, హైకోర్టుల చర్చలో ఆ పేరు మళ్ళీ ప్రముఖంగా వినిపించింది.

స్మృతి చిహ్నాలు

చెన్నై మైలాపూరులోని లజ్ ప్రాంతంలో ఆయన పేరుతో నాగేశ్వరరావు పార్కు ఉంది. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో సికింద్రాబాదులో స్థాపించిన ప్రచురణ సంస్థకు ఆయన గౌరవార్థం దేశోద్ధారక గ్రంథమాల అని పేరు పెట్టారు. నిజాం పాలనలోని తెలంగాణలో ప్రజలకు తెలుగు పుస్తకాలు అందించిన సంస్థ అది. కృష్ణా జిల్లాలో పుట్టి, బొంబాయిలో సంపాదించి, మద్రాసులో ఖర్చు చేసిన ఒక వ్యాపారి పేరు తెలంగాణలోని పుస్తకంపైన, రాయలసీమ వాసుల కోర్కెల పత్రంపైన నిలిచి ఉండడం ఆయన జీవితానికి తగిన గుర్తింపు.