రంగుల వెలుగునకు జీవితమర్పించిన నర్తకి

నాటకము ముగిసిన పిమ్మట నటులను మెచ్చుకొందుము, కవిని కొనియాడుదుము, హార్మోనియము వాయించినవానిని సైతము తలచుకొందుము. పక్కతెర చాటున నిలిచి దీపము ముందు రంగు కాగితములు మార్చినవాని పేరు మాత్రము ఎవ్వరికిని జ్ఞాపకముండదు. సురభివారి మాయాబజారును చూచి అబ్బురపడిన తెలుగువారికి రంగుల దీపముల మహిమ క్రొత్త కాదు. ఆ పనిని స్వతంత్ర కళగా నిలబెట్టుటకు తన ధనమును, ఆరోగ్యమును ఒడ్డిన స్త్రీ యొకతె పారిస్ నగరమున వన్నెకెక్కినది. 1954 వరకు ఫ్రెంచి పరిపాలనయందుండిన ఈ పుదుచ్చేరిలో నాటకములాడుకొను తెలుగు ఉద్యోగుల కుటుంబములకు ఆమె చరిత్రము తెలిసికొనదగినది.

లోయీ ఫుల్లర్ 1862 జనవరిలో, అమెరికాయందలి షికాగోకు సమీపముననున్న ఫుల్లర్స్‌బర్గ్‌లో జన్మించెను. తల్లిదండ్రులిడిన పేరు మేరీ లూయిస్. బాల్యముననే వేషములు కట్టెను గాని, నాట్యమును గురుముఖమున క్రమముగా అభ్యసింపలేదు. 1891లో ఒక నాటకమున వశీకరణమునకు లోనైన యువతి పాత్ర ధరించి, తన దేహమునకు మించిన పొడవుగల పలుచని వస్త్రముతో వేదికపై తిరిగెను. దీపకాంతి ఆ మడతలపై పడి, ఒకమారు సీతాకోకచిలుకవలెను, ఒకమారు పుష్పమువలెను భ్రాంతి గొలిపెను. ఆ యాదృచ్ఛిక ఘటన నుండియే మెలికల నృత్యము పుట్టినది.

కీర్తితోపాటు కష్టమును వచ్చెను. న్యూయార్కున మఱియొక నర్తకి ఆ నృత్యమునే ఆడజొచ్చెను. ఫుల్లర్ 1892లో న్యాయస్థానము నాశ్రయించెను. కథ లేని కేవల చలనములు నాటకరచన కాజాలవని న్యాయమూర్తి అభియోగమును త్రోసివేసెను. ఆమె ఐరోపాకు తరలిపోయెను. పారిస్‌లోని ఫోలీ బెర్జేర్ నాటకశాలకు చేరునప్పటికి అచ్చటను ఒక అనుకర్త్రి అదే నృత్యమును ప్రదర్శించుచుండెను! అయినను నిరాశ చెందక, తన ప్రజ్ఞను యజమానికి చూపి, ఆ సంవత్సరము నవంబరులో అదే వేదికపై ఆడి పారిస్ ప్రజల హృదయములను చూఱగొనెను. నృత్యమునకు రక్షణ దొరకనందున, తన దుస్తుల కూర్పునకును, వేదికపై అద్దముల అమరికకును, గాజు నేలకును పేటెంట్లు సంపాదించెను.

ఆమె విధానము పరికింపుడు. ప్రేక్షకశాలను చీకటి గావించి, వెనుక నల్లతెరలు దింపించెడిది. చేతికఱ్ఱలతో త్రిప్పు పట్టువస్త్రము తెల్లనిది; తెలుపు ఏ రంగునైన స్వీకరించును గదా! నలుప్రక్కల దీపములయొద్ద పనివారు నిలిచి, ఆమె సంకేతమును బట్టి రంగుటద్దములను మార్చుచుండెడివారు. 1895 నాటి అగ్నినృత్యమున గాజు నేల క్రిందినుండి ఎఱ్ఱని కాంతి ఎగసి, ఆమెను జ్వాలామధ్యమున నిలిపినట్లుండెడిది. రంగుల పాళ్ళను తానే నిర్ణయించి, ఆ రహస్యమును కాపాడుకొనెడిది.

సొంత ప్రయోగశాలలో స్వయముగా మెఱయు లవణములను వస్త్రములకు పూసి పరీక్షించెను. రేడియముతో రెక్కలు వెలిగింప గోరి క్యూరీ దంపతులకు జాబు వ్రాయగా, అది సాధ్యము కాదని వారు తెలిపిరి. ఆమె కృతజ్ఞతతో వారి యింటనే నర్తించెను. పిదప మైత్రి చిరకాలము నిలిచెను. తీక్ష్ణమైన దీపకాంతి వలన నేత్రములకు బాధ కలిగెను. 1900 నాటి పారిస్ ప్రదర్శనమున సొంత నాటకశాల కట్టించి, జపాను నటీమణి సదా యాక్కోను పారిస్ ప్రజలకు పరిచయము చేసెను. ధనము నిలువలేదు, అప్పులు వెంటాడెను. 1928 జనవరి 1న పారిస్‌లోనే న్యుమోనియాతో కన్నుమూసెను.

ఆమె శ్రమనుండి మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. రంగు కాగితము వెలుగునకు రంగును చేర్చదు. తెల్లని కాంతినుండి కొన్ని రంగులను తొలగించును. కావుననే ఎఱ్ఱని దీపము క్రింద ఆకుపచ్చ చీర నల్లనగును, నుదుటి కుంకుమ కనబడకపోవును. దుస్తులు, ముఖపు పూత సిద్ధమైన పిమ్మట వానిపై ప్రసరింపజేసి చూచియే రంగు నెన్నుకొనవలెను. ముదురు నీలము అధిక కాంతిని తనలోనికి పీల్చుకొని, వేడిమికి త్వరగా వెలసిపోవును. కనుక దీపమునకు తగినంత ఎడముగా చట్రమున బిగింపవలెను. పూర్వపు జెలటిన్ కాగితములు ఈ సముద్రపు తేమకు మెత్తబడి ముడుతలు పడెడివి. నేటి ప్లాస్టిక్ కాగితములకు తేమ భయము తక్కువయైనను, మడతలు, గీతలు, వేడిమి వానికిని శత్రువులే. ప్రదర్శనానంతరము చల్లారనిచ్చి, మెత్తని గుడ్డతో తుడిచి, అంచున సంఖ్య వ్రాసి, చదునుగా దాచవలెను. నడుమ వెలసినదానిని ముందే వెలుగున కెత్తి చూచి విడిచిపెట్టవలెను.

ఎల్‌ఈడీ దీపములు వచ్చి మీట నొక్కినంతనే రంగు మారు ఈ దినములలోను, ఏ క్షణమున ఏ రంగు తగునో నిర్ణయించు కన్ను మనుష్యునిదే. ఆ కన్నునకు గౌరవము తెచ్చినది లోయీ ఫుల్లర్. మన సంఘ నాటకముల ఆహ్వానపత్రములయందు దీపనిర్వాహకుని పేరును నటుల పేర్ల సరసన ముద్రించుట ఆమెకు తగిన నివాళి.