ఫిలిప్ హెన్రీ గాస్

ఫిలిప్ హెన్రీ గాస్ (ఏప్రిల్ 6, 1810 - ఆగష్టు 23, 1888) ఇంగ్లాండుకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త, రచయిత, చిత్రకారుడు. సముద్రజీవులను ఉప్పునీటి తొట్టెలలో పెంచే పద్ధతిని ప్రజలలో వ్యాప్తి చేసినవారిలో ముఖ్యుడు. అక్వేరియం అనే పదానికి నేటి అర్థం స్థిరపడటానికి ఈయన రచనలే ప్రధాన కారణం.

తొలి జీవితం

గాస్ వూస్టర్‌లో జన్మించి, పూల్ అనే రేవు పట్టణంలో పెరిగాడు. 1827లో న్యూఫౌండ్‌లాండ్ వెళ్ళి గుమాస్తాగా పనిచేశాడు. తరువాత కెనడాలో వ్యవసాయం చేసి నష్టపోయాడు. 1838లో అలబామాలో కొంతకాలం ఉపాధ్యాయుడిగా ఉండి, 1839లో స్వదేశం చేరుకొన్నాడు. 1844-46లో జమైకాలో పక్షులను పరిశీలించాడు.

ఉప్పునీటి తొట్టె

1852లో ఆరోగ్యం కోసం డెవన్ తీరానికి వెళ్ళిన గాస్, అక్కడ సముద్రపు నాచును, జీవులను ఒకే పాత్రలో ఉంచి ప్రయోగాలు చేశాడు. నాచు వెలుతురులో విడుదల చేసే ప్రాణవాయువు జీవులకు ఆధారమవుతుంది. రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త అంతకుముందే మంచినీటిలో చేపలు, మొక్కలు, నత్తలతో ఇట్టి సమతౌల్యాన్ని సాధించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రారంభమైన చేపల శాలకు గాస్ సముద్రజీవులను సేకరించి పంపాడు. 1854లో ది అక్వేరియం అనే గ్రంథాన్ని ప్రచురించాడు.

జీవుల ఎంపిక

నీరు నిర్మలంగా ఉన్నంత మాత్రాన తొట్టె నిలువదు. అందులోని జీవులకు పొత్తు కుదరాలి. తీరపు పీత నత్తలను, ఆల్చిప్పలను పగులగొట్టి తింటుంది. సముద్రపు స్టికిల్‌బ్యాక్ చేప చిన్న రొయ్యలను వేటాడుతుంది. పువ్వులా కనిపించే సీ అనిమోన్ తనకు తగిలిన చిన్న చేపను పట్టి మ్రింగుతుంది. చనిపోయిన జీవి కుళ్ళితే నీరు చెడి, మిగిలినవి కూడా చనిపోతాయి. అందువలన ముందుగా నాచును నాటి, నీరు కుదురుకొన్న తరువాతనే జీవులను విడవాలని గాస్ బోధించాడు.

కుటుంబం

మొదటి భార్య ఎమిలీ 1857లో కాన్సరుతో మరణించింది. సృష్టివాదాన్ని, భూగర్భ శాస్త్రాన్ని సమన్వయపరచాలని అదే సంవత్సరం ప్రచురించిన ఓంఫలోస్ గ్రంథం నిరాదరణకు గురైంది. వీరి కుమారుడు ఎడ్మండ్ గాస్ ప్రసిద్ధ సాహిత్య విమర్శకుడు. హైదరాబాదులో జన్మించిన సరోజినీ నాయుడు తన తొలి ప్రముఖ కవితా సంపుటి ది గోల్డెన్ త్రెషోల్డ్ (1905)ను ఈయనకే అంకితమిచ్చింది.

ప్రభావం

గాస్ పుస్తకాలు చదివిన వేలాదిమంది బుట్టలు, ఉలులు పట్టుకొని తీరానికి వెళ్ళి, రాళ్ళ మధ్య గుంటలలోని జీవులను ఇళ్ళకు తరలించారు. ఒకప్పుడు జీవరాసులతో నిండిన గుంటలు అనేకం బోసిపోయాయి. ఈ నష్టం తండ్రిని ఎంతో బాధించిందని ఎడ్మండ్ ఫాదర్ అండ్ సన్ (1907)లో వ్రాశాడు. తొట్టెలో పొత్తును నేర్పిన గ్రంథాలే తీరంలోని పొత్తును చెరపడానికి దారితీశాయి.