రేడియో టెలిస్కోప్ అంత పెద్దగా ఎందుకు? హైదరాబాద్‌లో పెరిగిన వేణు బప్పు కథలో సమాధానం

రేడియో టెలిస్కోప్ వీడియో చూసిన ఎవరికైనా ముందుగా వచ్చే డౌట్ ఒకటే. ఇంత పెద్దది ఎందుకు? మన ఇంటి మీద డీటీహెచ్ డిష్ అంత ఉంటే సరిపోదా? దీనికి సమాధానం హైదరాబాద్‌లో పెరిగిన ఓ శాస్త్రవేత్త జీవితంలో దొరుకుతుంది. ఆయనే ఎం.కె. వేణు బప్పు. మన దేశానికి పెద్ద టెలిస్కోప్ కావాలని జీవితమంతా కష్టపడిన మనిషి.

బేగంపేట నుంచి హార్వర్డ్‌కి

బప్పు కుటుంబానిది కేరళ. 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారు. తండ్రి హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగి. దాంతో చిన్నప్పటి నుంచే టెలిస్కోపులతో దోస్తీ కుదిరింది. నిజాం కాలేజీలో చదివే రోజుల్లోనే నక్షత్రాల వెలుగు ఎలా పెరుగుతోంది, ఎలా తగ్గుతోంది అని గమనించి పరిశోధన పత్రాలు రాశారు.

హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో 1949లో అమెరికాలోని హార్వర్డ్‌కి వెళ్లారు. అక్కడ కుదురుకున్నారో లేదో, అదే ఏడాది జూలై 2న తీసిన ఫొటో ప్లేట్‌లో కొత్త తోకచుక్క కనిపించింది. దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరు పెట్టారు. 1952లో పీహెచ్‌డీ పూర్తయింది. తర్వాత పాలోమార్ అబ్జర్వేటరీలో పనిచేసే అవకాశం వచ్చింది. అప్పట్లో ప్రపంచంలోనే అతి పెద్ద టెలిస్కోప్ అక్కడిదే. దాని అద్దం వెడల్పు 5 మీటర్లు. శాస్త్రవేత్త ఓలిన్ విల్సన్‌తో కలిసి చేసిన పని 1957లో వెలువడింది. నక్షత్రం అసలు ప్రకాశం ఎంతో, దాన్ని బట్టి దూరం ఎంతో లెక్కగట్టే ఈ పద్ధతిని ఇప్పటికీ విల్సన్-బప్పు ఎఫెక్ట్ అనే పిలుస్తున్నారు.

పెద్ద అద్దం ఎందుకు?

బప్పు 1953లో ఇండియాకు తిరిగొచ్చేశారు. అప్పటికి మన దగ్గర అలాంటి టెలిస్కోప్ ఒక్కటీ లేదు. ఉత్తరప్రదేశ్ అబ్జర్వేటరీని నిలబెట్టి, 1960లో కొడైకెనాల్ అబ్జర్వేటరీ బాధ్యత తీసుకున్నారు.

పెద్ద అద్దం గురించి ఆయన ఎందుకంత పట్టుబట్టారంటే.. చిన్న లెక్క చూద్దాం. వికారాబాద్ జిల్లా బషీరాబాద్‌లో చీకటి రాత్రి పొలం గట్టు మీద నిలబడి ఆకాశం చూస్తే, మన కంటిపాప మహా అయితే 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. అదే 2.34 మీటర్ల అద్దమైతే కంటికంటే లక్ష రెట్లకు పైగా వెలుగు పోగేస్తుంది. వాన నీళ్లు పట్టడానికి గ్లాసు పెట్టినదానికీ, గంగాళం పెట్టినదానికీ ఉన్న తేడా అన్నమాట.

మంచి ఆకాశం కోసం వెతికి తమిళనాడులోని జవాది కొండల్లో కావలూరును ఎంచుకున్నారు. 1972లో అక్కడ 1 మీటరు టెలిస్కోప్ వచ్చింది. 1977లో యురేనస్ చుట్టూ వలయాలున్నాయని బయటపడినప్పుడు, ఆ ఆధారాలను రికార్డు చేసినవాటిలో ఇదీ ఒకటి.

అసలు విషయం తరంగంలో ఉంది

1971లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ స్వతంత్ర సంస్థ అయింది. మొదటి డైరెక్టర్ బప్పే. ఆయన హయాంలోనే ఈ సంస్థ, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి రేడియో టెలిస్కోప్ పని మొదలుపెట్టాయి. మన హిందూపురానికి దగ్గర్లో, కర్ణాటకలోని గౌరీబిదనూరులో ఉందది. 'టీ' ఆకారంలో పరిచిన 1000 యాంటెన్నాలు. ఒక వరుస పొడవే 1.4 కిలోమీటర్లు. నడిస్తే పావుగంటకు పైగా పడుతుంది!

ఎందుకంత పొడవు? టెలిస్కోప్ ఎంత స్పష్టంగా చూడగలదు అన్నది రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి తరంగం పొడవు, రెండోది టెలిస్కోప్ వెడల్పు. తరంగం ఎంత పొడవైతే టెలిస్కోప్ కూడా అంత పెద్దది కావాలి. వెలుగు తరంగం పొడవు మిల్లీమీటరులో దాదాపు 2000వ వంతు. గౌరీబిదనూరు పట్టే రేడియో తరంగం పొడవు 8.7 మీటర్లు, ఆర్టీసీ బస్సుకు కాస్త తక్కువ. అందుకే 1.4 కిలోమీటర్లు పరిచినా, ఆకాశంలో దాదాపు చందమామ సైజు కంటే చిన్న వివరాలు దానికి విడిగా తెలియవు. చందమామ మీది మచ్చలు మన ఉత్త కంటికే కనిపిస్తాయి కదా!

మరి డీటీహెచ్ డిష్ చిన్నగా ఉన్నా ఎలా పనిచేస్తోంది? దానికొచ్చే తరంగం రెండున్నర సెంటీమీటర్లే. పైగా శాటిలైట్ మన ఇళ్ల వైపే గురిపెట్టి సిగ్నల్ పంపుతుంది. నక్షత్రాలు, గెలాక్సీల నుంచి వచ్చే సిగ్నల్ అతి బలహీనం. దాన్ని పోగేయాలన్నా పెద్ద ఏర్పాటే కావాలి.

చూడకుండానే వెళ్లిపోయారు

1979లో బప్పు అంతర్జాతీయ ఖగోళ సంఘం అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. 1981లో పద్మభూషణ్ వచ్చింది. అప్పటికే ఆయన కలల టెలిస్కోప్ తయారీ సాగుతోంది. 2.34 మీటర్ల అద్దాన్ని మన దేశంలోనే అరగదీసి నునుపు చేసే పని అది. అది పూర్తి కాకముందే 1982 ఆగస్టు 19న జర్మనీలోని మ్యూనిక్‌లో కన్నుమూశారు. వయసు 55 ఏళ్లే.

సహచరులు పని ఆపలేదు. 1986 జనవరి 6న కావలూరులో ఆ టెలిస్కోప్‌ను అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ ప్రారంభించారు. దానికి వేణు బప్పు పేరే పెట్టారు. ఇక రేడియో వైపు, పుణె దగ్గర ఒక్కోటి 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లు దాదాపు 25 కిలోమీటర్ల మేర పరుచుకుని, అన్నీ కలిసి ఒకే టెలిస్కోప్‌లా ఇప్పుడు పనిచేస్తున్నాయి.