పనికి కాగితం ఇప్పించిన దుర్గాబాయి

హైదరాబాదు విద్యానగర్ మీదుగా వెళ్ళినవాళ్ళు దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆస్పత్రి బోర్డు చూసే ఉంటారు. ఢిల్లీలో ఒక మెట్రో స్టేషనుకీ ఆమె పేరే పెట్టారు. పేరు తెలిసినంతగా మనిషి గురించి మనవాళ్ళకి తెలియదు. ఈ ఏడాది పుస్తకంలో ఆమె గురించే రాయాలనుకున్నాం. ఎందుకంటే రాజోలు, నరసాపురం, రాయచోటి, రాజంపేట నుంచి కువైట్ వచ్చిన మన అక్కచెల్లెళ్ళలో ఎక్కువమంది చేసేది సాటి మనిషిని కనిపెట్టుకుని ఉండే పనే. ఒకరు చంటిపిల్లల్ని చూస్తారు, ఒకరు మంచం పట్టిన ముసలివాళ్ళని, ఇంకొకరు ఆస్పత్రిలో రోగుల్ని. ఈ పనికి శిక్షణ, సర్టిఫికెట్, జీతం ఉండాలని మన దేశంలో పట్టుబట్టి పని చేసినవాళ్ళలో ఆమె ముందువరసలో ఉంటారు.

దుర్గాబాయి గారు 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. పెరిగింది కాకినాడలో. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేసేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్ళనని చెప్పేశారు, తండ్రి కూడా ఆమె పక్షానే నిలబడ్డాడు. ఆ కాలంలో ఇది చిన్న సంగతి కాదు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలతో, గోషాలో ఉండే ముస్లిం ఆడవాళ్ళతో ఆయన విడిగా మాట్లాడాలని ఆమె పట్టుదల. అప్పటికి ఆమెకి పన్నెండేళ్ళు కూడా నిండలేదు. అయిదు వేలు పోగుచేస్తే టైము ఇప్పిస్తామని పెద్దలన్నారు. ఆ ఆడవాళ్ళే తలాకొంత వేసి డబ్బు పోగుచేశారు, మీటింగు జరిగింది, ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది ఈ పిల్లే. రెండేళ్ళ తర్వాత కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర డ్యూటీ వేస్తే, టికెట్ లేదని నెహ్రూ గారిని కూడా ఆపేసింది. సైటు గేటు కాపలా కాసేవాళ్ళకి ఈ ముచ్చట బాగా నచ్చుతుంది.

1930 నుంచి 1933 లోపల ఆమె మూడుసార్లు జైలుకెళ్ళారు. మధుర జైల్లో ఒంటరి కొట్లో కూడా పెట్టారు. కానీ ఆమె దారి మార్చింది వెల్లూరు జైలు. అక్కడ చదువు రాక, తమ తరఫున వాదించే మనిషి లేక శిక్ష పడ్డ ఆడవాళ్ళు కనిపించారు. తాము లా చదవాలని ఆమె అక్కడే అనుకున్నారు.

అనుకోవడం సులువే, చేతిలో మెట్రిక్ కూడా లేదు. బెనారస్ మెట్రిక్‌కి ప్రైవేటుగా కట్టి పాసయ్యారు. ఆంధ్రా యూనివర్సిటీకి వెళితే ఆడపిల్లలకి హాస్టల్ లేదు కాబట్టి సీటు కుదరదన్నారు. చదువుకోవాలనుకునే ఆడపిల్లలెవరైనా ఉన్నారా అని పేపర్లో ప్రకటన ఇచ్చి, వచ్చినవాళ్ళతో కలిసి తామే హాస్టల్ పెట్టుకున్నారు. బి.ఏ., ఎం.ఏ. అయ్యాక 1942లో మద్రాసులో లా డిగ్రీ తీసుకుని ప్రాక్టీసు పెట్టారు.

మద్రాసులో ఆమె చేసిన పనే మనకి ముఖ్యం. తాను ఎలా పాసయ్యారో అలాగే ఇంటి చుట్టుపక్కల ఆడవాళ్ళకి పాఠాలు చెప్పి మెట్రిక్‌కి కట్టించారు. ఆ చిన్న గుంపే 1937లో ఆంధ్ర మహిళా సభ అయింది. వితంతువులు, భర్త వదిలేసినవాళ్ళు, చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళు వచ్చేవారు. వాళ్ళకి అన్నం పెట్టి పంపితే సరిపోదని ఆమెకి తెలుసు. చదువు, దాని వెంట ఒక పని నేర్పాలి. తర్వాత సభ నర్సింగ్ హోమ్ పెట్టింది. అక్కడే నర్సులకి, మంత్రసానులకి శిక్షణ మొదలైంది. ఇంట్లో ఎవరూ లెక్కపెట్టని పని అక్కడ నేర్చుకునే విద్య అయింది, నేర్చుకున్నామని చెప్పుకోడానికి కాగితం ఉంది.

సైట్లో పనిచేసేవాళ్ళకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. మేస్త్రీ, హెల్పరు ఒకే ఎండలో నిలబడతారు. కాగితం మీద ఏ ట్రేడు రాసి ఉందో దాన్ని బట్టే దినార్లు.

1946లో ఆమె రాజ్యాంగ సభకి మద్రాసు నుంచి వెళ్ళారు. అక్కడ అధ్యక్షుల ప్యానెల్లో ఉన్న ఒకే ఒక్క మహిళ. 1952 ఎన్నికల్లో మాత్రం ఓడిపోయారు. తర్వాత ప్లానింగ్ కమిషన్ సభ్యురాలయ్యారు. 1953 జనవరిలో ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్ గారిని పెళ్ళి చేసుకున్నారు, అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యారు.

బోర్డు పల్లెల్లో బాలవాడీలు, కాన్పుల సాయం, కుట్టుపని క్లాసులు పెట్టబోతే ఒక చిక్కొచ్చింది. పని చేయడానికి గ్రామసేవిక కావాలి, మంత్రసాని కావాలి, టీచరు కావాలి. శిక్షణకి పంపుదామంటే దానికి కావలసినంత చదువున్న ఆడవాళ్ళు పల్లెల్లో దొరకరు. ఆమె మద్రాసు ఉపాయాన్నే దేశమంతటికీ తెచ్చారు. 1958లో బోర్డు కండెన్స్‌డ్ కోర్సులు మొదలుపెట్టింది. చిన్నప్పుడు బడి మానేసిన పెద్దవయసు ఆడవాళ్ళని రెండేళ్ళు చదివించి పరీక్ష పాస్ చేయించి, నర్సు, మంత్రసాని, టీచరు శిక్షణలకి అర్హత తెప్పించడం దాని లెక్క.

ఒక మాట మాత్రం మా అభిప్రాయంగా చెబుతాం. ఆ కాలం పెద్దలు ఈ పనులన్నిటినీ సేవ అనే పేరుతో స్వచ్ఛంద సంస్థల గ్రాంట్ల మీద నడిపారు. సేవ మంచి మాటే. కానీ ఆ మాట చాటున జీతం గురించి అడగడం తప్పయిపోతుంది. ఇప్పటికీ మన అంగన్‌వాడీ అక్కలు జీతం బదులు గౌరవ వేతనం అనే మాటతో పోరాడుతూనే ఉన్నారు. దుర్గాబాయి గారి దారిలో సర్టిఫికెట్ దాకా వచ్చాం, జీతం సంగతి అక్కడే ఆగింది.

కువైట్లోనూ ఈ తేడా కళ్ళముందే ఉంది. డిప్లొమా ఉన్న నర్సు ఆస్పత్రిలో షిఫ్టు చేస్తుంది. ఖద్దామా వీసా మీద వచ్చినామె సేటు ఇంట్లో ముసలామెకి టైముకి మందులేసి, ఒళ్ళు తుడిచి, రాత్రంతా లేచి చూస్తుంది. అకామాలో ఆమెది ఇంటిపని. ఇళ్ళలో పనిచేసేవాళ్ళు ప్రైవేటు కంపెనీల కార్మిక చట్టంలోకి రారు. వాళ్ళ కోసం 2015లో 68 నంబరు చట్టం వచ్చింది. రోజుకి 12 గంటలకి మించి పని ఉండకూడదు, వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి జీతంతో సెలవు, పాస్‌పోర్టు సేటు దగ్గర పెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లు అన్నారు. ఇవి తెలియని అక్కలు ఈ అబ్బాసియాలోనే ఎంతోమంది. వెల్లూరు జైల్లో ఆమె చూసిన ఆడవాళ్ళకీ ఇదే కొరత, తమకేం హక్కుందో చెప్పే మనిషి లేకపోవడం.

చివరి ఏళ్ళు ఆమె హైదరాబాదులో గడిపారు. సభ శాఖ అక్కడ కాలేజీలు, ఆస్పత్రి పెట్టింది. 1975లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1981 మే 9న కన్నుమూశారు. ఆమె చైనా వెళ్ళొచ్చినప్పటి నుంచి అడుగుతూ వచ్చిన కుటుంబ కోర్టుల చట్టం ఆమె పోయాక మూడేళ్ళకి వచ్చింది. కేంద్ర బోర్డుని 2023లో మూసేశారు. విద్యానగర్ ఆస్పత్రి మాత్రం నడుస్తోంది, అక్కడ ఇప్పటికీ నర్సింగ్ నేర్పుతున్నారు.