మైనముతో మెదడును చదివిన లియొనార్డో డావిన్సీ

లియొనార్డో డావిన్సీ పేరు వినగానే మనకు మోనాలిసా చిత్రము స్ఫురించును. కుంచె పట్టిన ఆ చేయియే శస్త్రమును సయితము పట్టి శరీరరహస్యములను వెదకినదని మనలో కొందరికే తెలియును.

ఈయన 1452వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన ఇటలీ దేశమున విన్సీ ప్రాంతమున జన్మించెను. ఫ్లారెన్సు నగరమున వెరోకియో అను శిల్పికి శిష్యుడై చిత్రకళను, పోతపనిని నేర్చెను.

మెదడులో మూడు గదులు వరుసగా నున్నవనియు, మొదటిదానిలో ఇంద్రియజ్ఞానము, నడిమిదానిలో ఆలోచన, చివరిదానిలో జ్ఞాపకము వసించుననియు ఆనాటి పండితులు బోధించుచుండిరి. లియొనార్డో మొదట అట్లే చిత్రించెను. పిదప స్వయముగా చూడనెంచెను. కాని మెత్తని మెదడును కోసినచో లోపలి ఖాళీల ఆకారము చెడిపోవును. అందుకాయన పోతపనివాని ఉపాయమునే పన్నెను. 1508 ప్రాంతమున ఒక ఎద్దు మెదడును గ్రహించి, గాలి వెలువడుటకు రెండు గొట్టముల నమర్చి, అడుగున చేసిన రంధ్రముగుండ కరగిన మైనమును పిచికారితో నెక్కించెను. మైనము గట్టిపడిన పిమ్మట మెదడును తొలగింపగా ఆ ఖాళీల నిజరూపము బయటపడెను. స్వామిమలై స్థపతులు మైనపు బొమ్మపై మట్టిపూసి విగ్రహమును పోయుట మనమెరిగినదే. ఇచ్చట మెదడే అచ్చు, మైనమే పోత. అయినను ఆ గదుల పనిని గూర్చిన పాత తలంపును ఆయన పూర్తిగా విడువలేకపోయెను.

మెదడున నాలుగు కోష్ఠకములు కలవని నేడు మనమెరుగుదుము. ప్రక్కల రెండు, నడుమ మూడవది, వెనుక నాలుగవది. గర్భస్థశిశువున నాలుగవ వారమున మూసికొను నాడీనాళములోని బోలుతనమే వీటికి మూలము. వీనిలో ఆలోచనలు వసింపవు. తేటనీటివంటి ద్రవము ప్రవహించును. పెద్దలలో అది దినమునకు సుమారు 500 మిల్లీలీటర్లు ఊరును. దాని దారి మూసికొనిపోయినచో కోష్ఠకములుబ్బి మెదడును నొక్కును. అయితే అందరి కోష్ఠకములు ఒక్క కొలతవి కావు. ఆరోగ్యవంతులలోను కుడి యెడమలకు కొంచెము భేదముండుట కలదు. వార్ధక్యమున అవి విశాలమగును. కావున ప్రతి భేదమును రోగము కాదు.

లియొనార్డో 1519 మే 2వ తేదీన ఫ్రాన్సు దేశమున మరణించెను. ఆయన శరీరచిత్రములు అచ్చునకెక్కక, శిష్యుడగు మెల్జీ చేతికి చేరెను. 1543లో వెసాలియస్ గ్రంథము అచ్చయి వైద్యవిద్యనే మార్చెను. అంతకు ముందే గీచిన ఈ పుటలు మాత్రము 19వ శతాబ్ది చివరిదాక చాలమట్టుకు మరుగుననే యుండెను.

అచ్చుయంత్రములకు పేరొందిన శివకాశికి పొరుగున, తిరుత్తంగల్‌లో చదువుకొను మనము దీనిని మరువరాదు. ఎవరో చెప్పినదానిని కన్నులార చూచి పరీక్షింపవలెను. చూచినదానిని పదిమందికి అందింపవలెను.