జేమ్సు వాట్ జీవితము

ఇడ్లీపాత్ర మూత తీసిన ప్రతి బాలునికిని, బాలికకును ఒక సంగతి తెలిసియే యుండును. మూత యడుగున నీటిబొట్లు వరుసగా నిలిచియుండి, మూత వంచగానే చేతిమీద పడి చురుక్కుమనిపించును. ఆ బొట్టు క్షణము క్రిందట ఆవిరి. చల్లని మూత తగిలి తిరిగి నీరైనది. ఇంత చిన్న విషయమును జీవితకాలమెల్ల విడువక వెంబడించిన యొక మనుష్యుని చరిత్రను ఈ సంచికయందు మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును చెప్పదలచితిమి. ఆయన స్కాట్లండు దేశస్థుడగు జేమ్సు వాట్.

ఆయన పేరు వినగానే, కెటిలు మూత ఆవిరిచేత లేచుట చూచి యొక బాలుడు ఆవిరియంత్రమును కనిపెట్టెనను కథ పలువురికి జ్ఞప్తికి వచ్చును. ఈ కథ సరియైనది కాదు. వాట్ పుట్టుటకు పూర్వమే ఆవిరియంత్రము కలదు. ఇంగ్లండునందు థామస్ న్యూకొమెన్ 1712 లో నిలిపిన యంత్రము గనిలోని నీటిని తోడుచుండెను. వాట్ బంధువురాలొకామె చాల యేండ్ల తరువాత వ్రాయించిన జ్ఞాపకములలో ఉన్న సంగతి వేరు. ఆ బాలుడు కెటిలు కొమ్ము నెదుట గిన్నెను, వెండి చెంచాను పట్టుచు, దానిమీద చేరిన నీటిబొట్లను లెక్కించుచు కూర్చుండెననియు, కాలము వృథాచేయుచున్నాడని అత్త మందలించెననియు అందున్నది. లేచిన మూతకంటె రాలిన బొట్టే ఆయన జీవితమునకు తగిన గుర్తని మా యభిప్రాయము.

వాట్ 1736 జనవరి మాసమున గ్రీనాక్ అను రేవుపట్టణమందు జన్మించెను. తాత గణితము బోధించిన ఉపాధ్యాయుడు. తండ్రి ఓడపని తెలిసిన వడ్రంగియు, వర్తకుడును. బాలుడు మిక్కిలి బలహీనుడు. తరచు తలనొప్పిచేత బాధపడుచు, బడికి సరిగా పోలేక, తల్లియొద్దనే చదువ నేర్చెను. తండ్రి పనిశాలలో వానికొక చిన్న బల్లయు, కొన్ని పనిముట్లును ఉండెడివి. తోటి బాలురతో ఆటలాడజాలని ఆ పిల్లవాడు అచ్చట నమూనాలు చేయుచు చేతిపనియందును, గణితమందును దిట్ట యయ్యెను.

1753 లో తల్లి మరణించెను. తండ్రి వ్యాపారము క్షీణించెను. 1755 లో యువకుడు లండను నగరమునకు పోయి, ఇతరులు ఏడేండ్లు నేర్చు శాస్త్రపరికరముల పనిని, అర్ధాహారముతో ఒక్క సంవత్సరమున నేర్చుకొని తిరిగివచ్చెను. గ్లాస్గోలో అంగడి పెట్టబోగా, ఏడేండ్లు శిష్యత్వము చేయలేదని పనివారి సంఘమువారు అడ్డుపడిరి. అప్పుడు గ్లాస్గో విశ్వవిద్యాలయమువారు తమ ఆవరణములోనే 1757 లో వానికొక గది ఇచ్చిరి. విద్వాంసుల నడుమ నొక పనివానికి చోటిచ్చిన ఆ ఉపకారము లోకమున కెంత మేలు చేసెనో ముందు చూడగలము.

1763 చలికాలమున విశ్వవిద్యాలయపు న్యూకొమెన్ యంత్రనమూనా మరమ్మతునకై వాట్ చేతికి వచ్చెను. దాని సిలిండరు వ్యాసము రెండే అంగుళములు. మరమ్మతు ముగిసినను, ఆ నమూనా కొన్ని మారులు కదలి ఆగిపోవుచుండెను. మరియొకడైన తన కూలి తీసికొని ఊరకుండెడివాడు. వాట్ ఊరకుండలేదు. బాయిలరు ఇచ్చిన ఆవిరి యంతయు ఎక్కడికి పోవుచున్నదని ఆయన ప్రశ్నించుకొనెను.

కారణము విచారింతము. నీరు మరిగి ఆవిరి యైనపుడు సుమారు 1,600 రెట్లు వ్యాపించును. ఆ యావిరి మరల నీరైనపుడు అది నిండిన చోటు దాదాపు శూన్యమగును. న్యూకొమెన్ యంత్రమున ఆవిరి నిండిన సిలిండరులోనికే చన్నీరు చిమ్మెడివారు. ఆవిరి నీరై, లోపల శూన్య మేర్పడగా, బయటి గాలి పిస్టనును క్రిందికి నొక్కుచుండెను. కాని ఆ చన్నీటిచేత సిలిండరును చల్లబడుచుండెను. మరుసటి మారు వచ్చిన ఆవిరిలో అధికభాగము ఆ చల్లని యినుమును వేడిచేయుటకే చెల్లిపోవుచుండెను. వాట్ తూచి, కొలిచి చూడగా, ఆవిరి నీరగునపుడు తన తూకమునకు ఆరురెట్లు గల చన్నీటిని మరుగుస్థితికి తేగలదని తేలెను. ఇది ఆయన కాశ్చర్యము కలిగించెను. ఆచార్యుడు జోసెఫ్ బ్లాక్ తాను అదివరకే కనుగొనిన గుప్తోష్ణ సిద్ధాంతమును వివరించి ఆ సందేహము తీర్చెను. మరుగునీటి బొట్టుకంటె ఆవిరి తగిలినపుడు చేయి అధికముగా కాలుట కీ గుప్తోష్ణమే కారణము.

ఇప్పుడు చిక్కు స్పష్టమయ్యెను. సిలిండరు ఎల్లప్పుడు వేడిగా నుండవలెను. ఆవిరి చల్లబడి నీరును కావలెను. ఈ రెండును ఒకే పాత్రలో ఎట్లు పొసగును? 1765 మే నెలలో నొక ఆదివారము మధ్యాహ్నము, గ్లాస్గో గ్రీన్ అను పచ్చికబయలున, బట్టలుతుకు పాత యింటిని దాటి ఒంటరిగా నడచుచుండగా ఆయనకు ఉపాయము తోచెను. పాత్ర ఒకటి కానక్కరలేదు. సిలిండరునకు గొట్టముతో మరియొక పాత్రను కలిపి, దానిని చల్లగా నుంచినచో, ఆవిరి తానే అందులోనికి దూకి నీరగును. సిలిండరు వేడిగానే యుండును.

ఇచ్చట మనము ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. ఆలోచన తోచినంతనే వాట్ అడిగికొనిన రెండవ ప్రశ్న, ఆ పాత్రలో చేరు నీటి గతి యేమి యనునది. ఆవిరితోకూడ వచ్చు గాలి గతి యేమి? అవి నిలిచిపోయిన యెడల కొంతసేపటికి పాత్ర నిండి యంత్ర మాగిపోవును. ముప్పదియైదు, ముప్పదియారు అడుగుల లోతునకు గొట్టము దింపి నీటిని దానంతట పోనిచ్చుట యొక మార్గముగా తలచెను. నీటిని, గాలిని రెంటిని పంపుతో లాగివేయుట రెండవ మార్గము. రెండవదియే ఆయన అవలంబించెను. ఆవిరిని తెచ్చుట సగము పని. నీరైన దానికి త్రోవ చూపుట తక్కిన సగము.

ఆలోచన ఒక మధ్యాహ్నమున తోచెను గాని యంత్రము సిద్ధమగుటకు పదియేండ్లు పట్టెను. జాన్ రీబక్ అను పారిశ్రామికుడు ధనసహాయము చేయగా 1769 లో పేటెంటు లభించెను. కాని ఆ దినములలో గుండ్రముగా సిలిండరు చేయగల పనివారు దొరకలేదు. పిస్టను చుట్టుగల సందులలో నూనెగుడ్డలు, పాత టోపీలు కూడ కూరి చూచిరి. ఆవిరి కారుచునే యుండెను. కుటుంబ పోషణమునకై వాట్ కాలువలు త్రవ్వుటకు నేల కొలుచు పనికి పోయి, వానలో, చలిలో తిరిగెను. 1773 లో రీబక్ దివాలా తీసెను. అదే యేట వాట్ దూరప్రాంతమున నేల కొలుచుచుండగా భార్య మార్గరెట్ ప్రసవవేదనలో నున్న వార్త వచ్చెను. ఆయన ఇల్లు చేరులోపలనే ఆమె కన్ను మూసెను. ముప్పదియేడేండ్ల వయస్సున, అప్పులతోను, తల్లిలేని బిడ్డలతోను ఆయన నిలిచెను. ఆ సంవత్సరమే ఆయన యంత్రమును విడిచిపెట్టియున్న యెడల ఎవరును తప్పు పట్టియుండరు.

రీబక్ భాగమును బర్మింగుహాము నగరపు మాథ్యూ బోల్టన్ తీసికొనెను. 1774 లో వాట్ అచ్చటికి చేరెను. ఫిరంగులు తొలుచు జాన్ విల్కిన్సన్ తన యంత్రముతో సిలిండర్లను తొలిచి ఇచ్చెను. ఏబది అంగుళముల వ్యాసము గల సిలిండరున సైతము పాత షిల్లింగు నాణెపు మందమంత తేడాయు లేకుండెను. పదియేండ్లుగా కారిన ఆవిరి ఇట్లు కట్టుబడెను. 1776 లో మొదటి యంత్రములు పని ప్రారంభించెను. బొగ్గు ఖర్చు సగమునకు మించి తగ్గెను. బొగ్గు దొరకక ఓడలమీద తెచ్చుకొను కార్నువాల్ గనులవారు ఈ యంత్రములను కోరిరి. ఆదాయైన బొగ్గు వెలలో మూడవవంతు వాట్, బోల్టనులకు చెల్లించెడివారు. పిమ్మట చక్రమును త్రిప్పు ఏర్పాటులు, వేగమును అదుపుచేయు గవర్నరు వచ్చెను. గుఱ్ఱపు బలమును నిమిషమునకు 33,000 అడుగు-పౌనుల పనిగా లెక్క గట్టినదియు ఆయనయే.

1784 చలికాలమున వాట్ తాను కూర్చుండి వ్రాయు గదిని ఆవిరితో వెచ్చచేయ సంకల్పించెను. గది పదునెనిమిది అడుగుల పొడవు, పదునాలుగు అడుగుల వెడల్పు కలది. తగరపు పూత గల రెండు ఇనుప రేకులను ఒక అంగుళము ఎడముగా జోడించి, అంచులు మూసి, పలుచని పెట్టెవలె చేసి నేలదగ్గర నిలువబెట్టెను. క్రింది గదిలోని బాయిలరునుండి గొట్టము పెట్టె యడుగునకు వచ్చును. నీరైన ఆవిరి ఆ గొట్టముననే జారి తిరిగి బాయిలరు చేరును. లోపలి గాలిని వదలుటకు పెట్టెకు ఒక కుళాయి కూడ అమర్చెను. మరల అవే రెండు ప్రశ్నలు, నీటి గతి, గాలి గతి. ఐనను గది అనుకొనినంత వెచ్చబడలేదు. మెరయు లోహము వేడిని సరిగా వెలికి పంపదని ఆయన గ్రహించెను. పొరపాటును మరుగుపరచక కారణము చెప్పుట ఆయన స్వభావము.

తరువాతి కాలమున శీతలదేశములలో పెద్ద భవనములు ఆవిరిచే వెచ్చచేయబడెను. అన్ని గొట్టములలో చేరు నీటిని మనుష్యుడు కుళాయి త్రిప్పి వదలుట అసాధ్యమగుటచేత, స్టీముట్రాపు అను చిన్న సాధనము వాడుకకు వచ్చెను. అది ద్వారపాలకుని వంటిది. నీటిని, గాలిని పోనిచ్చును, ఆవిరిని ఆపును. ఒక రకమునందు లోపలి తేలుబుడ్డి నీటితో లేచి కవాటమును తెరచును; నీరు పోగానే దిగి మూయును. దానిని గొట్టపు పల్లమున పెట్టవలెను. గొట్టము దానివైపు వాలియుండవలెను. ముందు జల్లెడ యుంచి అప్పుడప్పుడు మడ్డి తీయవలెను. ట్రాపు తెరచుకొని చిక్కినచో ఆవిరితో బొగ్గును వృథా యగును. మూసికొని చిక్కినచో నీరు నిలిచి గది చల్లబడును. ఆ నీటిని ఆవిరి నెట్టగా గొట్టములు సుత్తిదెబ్బలవలె మ్రోగును, అతుకులు పగులును. కావున శ్రద్ధగల పనివాడు చెవియొగ్గి వినుచు, వేడిమి పరీక్షించుచు వరుసగా అన్నిటిని చూచుచుండవలెను. మన యిండ్లను వెచ్చచేయ నక్కరలేదు గాని, మన చక్కెర మిల్లులలోను, పెద్ద వసతిగృహముల ఆవిరి వంటశాలలలోను ఈ ద్వారపాలకుడే కాచుచున్నాడు.

వాట్ నిర్దోషి యని మేము చెప్పము. తన పేటెంటును కోర్టులలో గట్టిగా కాపాడుకొనుచు, ఇతరుల యంత్రములను అడ్డగించెను. అధికపీడనము గల ఆవిరి అపాయకరమని భయపడి దానిని నిరాకరించెను. తరువాతి రైలింజనులు ఆ యావిరితోనే నడచెను. 1800 లో పేటెంటు ముగియగా ఆయన వ్యాపారమునుండి విరమించెను. చిన్న కుమారుడు గ్రెగరీ 1804 లో క్షయచే మరణించెను. దుఃఖమునందును ముసలితనమునందును ఆయన తన యింటి యటకమీది పనిగదిని విడువలేదు. 1819 ఆగష్టు 25వ తేదీన కాలముచేసి, హాండ్సువర్తు దేవాలయమున మిత్రుడగు బోల్టను సమాధిచెంత నిద్రించుచున్నాడు. ఆ పనిగదిని పనిముట్లతో సహా లండను సైన్సు మ్యూజియమునకు తరలించి భద్రపరచిరి.

విద్యార్థులారా, మీరు చదువు దీపముమీద ఇన్ని వాట్లు అని వ్రాసియుండును. అది ఈయన పేరే. దానిని చూచినపుడు గొప్ప యంత్రములకంటె ముందు ఆ చెంచామీది నీటిబొట్టును తలచుకొనుడు. బలము చాలదని యంత్రము ఆగలేదు. ఉన్న బలము వృథాగా పోవుచుండుటచేతను, పోవలసినది పోకుండుటచేతను ఆగెను. మన కాలమును, మన శక్తియు అట్టివే. ఏది కారిపోవుచున్నదో, ఏది నిలిచిపోయి అడ్డుచున్నదో దినదినము పరీక్షించుకొనువాడు, అల్పబలముతోనైనను పని సాగించుకొనును. రోగిష్ఠియైన ఆ గ్రీనాక్ బాలుడు సాగించెను.